మే నెలలో తీర్థన్ నది, ఫ్లై ఫిషింగ్, టెంట్లు: నలుగురం, ఐదు రోజులు, ఎవరికీ ఏమీ రాదు

గాలం_గిరి
మే రెండో వారంలో హిమాచల్‌లోని తీర్థన్ లోయకి వెళ్దామని నలుగురం అనుకున్నాం. చల్లటి నదుల్లో ఉండే ట్రౌట్ చేపని పట్టాలి, అదీ ఫ్లై ఫిషింగ్ పద్ధతిలో (ఈగలా కనబడే నకిలీ ఎరతో), ఉండేది టెంట్లలో. వారం నుంచి వీడియోలు చూస్తున్నాను. ప్రతివాడూ డ్రోన్ ఎగరేసి "స్వర్గం" అంటాడు తప్ప లైసెన్స్ ఎక్కడిస్తారో ఒక్కడూ చెప్పడు.

గాలం నాకు కొత్త కాదు, చిన్నప్పుడు మా ఊరి చెరువులో జెల్లలు, కొర్రమీనులు పట్టినవాణ్ణే. ఈ ఈగల గాలం మాత్రం ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. మిగతా ముగ్గురిలో ఒకడికి ఈత కూడా రాదు.

ప్లాన్ ఇది. మొదటి రోజు హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఫ్లైట్, రాత్రి బస్సు. రెండో రోజు తీర్థన్. మూడో రోజు పొద్దున చేపలు, మధ్యాహ్నం పైనున్న జలోరీ పాస్ అనే కనుమ. నాలుగో రోజు మనాలి. ఐదో రోజు తిరుగు. నది ఒడ్డున ఇసుకలోనే టెంట్ వేయిస్తానని ఒకతను 3 వేలు అడ్వాన్స్ అడుగుతున్నాడు. ఇచ్చేయనా?

కొర్రమీను_కింగ్
నాలుగో రోజు మనాలి, మూడో రోజు సగం జలోరీ. మరి చేపకి ఎప్పుడు టైం ఇచ్చావు బ్రో? దానికి కూడా క్యాలెండర్ ఇన్విటేషన్ పంపు.

సునీత_ట్రెక్స్
అడ్వాన్స్ ఇవ్వకండి. "నది ఒడ్డున ఇసుకలో" అన్న మాట దగ్గరే ఆపేయాలి. మిగతాది రాత్రికి రాస్తాను, ఆఫీసులో ఉన్నాను.

ఉప్మా_బ్యాక్‌ప్యాకర్
బంజార్ వెళ్తున్నాం అని ఇంట్లో చెప్తే, బంజారాహిల్స్‌కి అంత పెద్ద బ్యాగ్ ఎందుకు అంది మా అమ్మ. ఆ లోయలో అసలు ఊరి పేరు బంజార్ అని తెలియనివాళ్ళ కోసం ఈ పోస్ట్.

చండీగఢ్_చిన్నోడు
ఉద్యోగం వల్ల నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. దారి సంగతి నేను చెప్తాను, చేపల సంగతి వేరేవాళ్ళు చూసుకోండి.

ఢిల్లీ దాకా ఎందుకు? హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కి ఫ్లైట్ ఉంటుంది. సెక్టార్ 43 బస్టాండ్‌లో మనాలి వైపు వెళ్ళే బస్సెక్కి ఔట్‌లో దిగండి. ఊరి పేరే ఔట్, నవ్వకండి. అక్కడ దాదాపు 3 కిలోమీటర్ల సొరంగం ఉంది. బస్సు అందులోకి దూరకముందే దిగాలి. నిద్రపోయారంటే కళ్ళు తెరిచేసరికి భుంతర్‌లో ఉంటారు. మా బాబాయి అలాగే వెళ్ళిపోయి, ఎదురు బస్సెక్కి వెనక్కి వచ్చాడు. ఔట్ నుంచి బంజార్ 30 కిలోమీటర్లలోపే. అక్కడి నుంచి తీర్థన్ ఒడ్డునున్న గుషైనీ ఊరు మరో 10. లోకల్ బస్సులు ఉంటాయి కానీ సామాను ఎక్కువైతే టాక్సీయే నయం.

ఢిల్లీ నుంచి రాత్రి బస్సంటే పదకొండు, పన్నెండు గంటలు కూర్చోవాలి. మంచు నీళ్ళలో నిలబడే ముందు నడుం అలా పాడుచేసుకోవడం దేనికి?

లిద్దర్_ప్రసాద్
అసలు తీర్థన్ ఎందుకు? ట్రౌట్ అంటే కశ్మీరే. అక్కడ నదిని బీట్‌లుగా విడగొట్టి, ఒక్కో బీట్‌కి రోజుకి ఇంతమందే అని పర్మిట్ ఇస్తారు. పక్కన ఎవడూ రాడు, చేప కంగారు పడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా సీజన్. నేను అక్కడి లిద్దర్ నది మీద రెండు సార్లు పట్టాను. తీర్థన్‌లో చేపకన్నా రీల్స్ తీసేవాళ్ళు ఎక్కువ.

గాలం_గిరి
@లిద్దర్_ప్రసాద్ కశ్మీర్ అంటే ఇంట్లో ఒప్పుకోరు అన్నా. హిమాచల్‌కే అతి కష్టం మీద పర్మిషన్ వచ్చింది, అది మాత్రం బీట్ లేని పర్మిట్.

వాలుగ_వెంకట్రావు
ఎందుకయ్యా అంత దూరం? మా గోదావరిలో చేపలు లేవా? పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు గానీ ఈఎంఐ కట్టి ట్రౌట్ తినాలని ఎవరూ అనలేదు.

కొర్రమీను_కింగ్
అరకులోనో లంబసింగిలోనో వదలకూడదా ఈ ట్రౌట్‌ని? చలికాలం అక్కడ కూడా వణుకే కదా.

స్నోట్రౌట్_శ్రీవల్లి
నేను ఫిషరీస్ చదివాను కాబట్టి ఇది నా ఏరియా. ట్రౌట్‌కి డిసెంబర్ చలి చాలదు, ఏడాది పొడుగునా చల్లటి, పారే నీళ్ళు కావాలి. నీరు 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు, ఎందుకంటే నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. మన ఏజెన్సీ వాగుల్లో ఎండాకాలం వచ్చేసరికి దాని పని అయిపోతుంది. దక్షిణాదిలో నీలగిరుల్లో, మున్నార్ పైభాగాల్లో బ్రిటిష్‌వాళ్ళు వదిలినవి ఎత్తు వల్లే బతికాయి.

ఇంకో విషయం. హిమాలయాల్లో కూడా బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ పరాయివే. బ్రౌన్ యూరప్‌ది, రెయిన్‌బో ఉత్తర అమెరికాది. కశ్మీర్‌లో, ఆ తర్వాత కులూ వైపు దొరలు తమ సరదా కోసం గుడ్లు తెప్పించి పొదిగించారు. అక్కడి అసలు చేప స్నో ట్రౌట్. పేరులో ట్రౌట్ ఉంది గానీ అది కార్ప్ జాతి, మన శీలావతికి, బొచ్చెకి దూరపు చుట్టం. బ్రౌన్ ట్రౌట్ దాని పిల్లల్ని తింటుంది, చోటూ లాక్కుంటుంది. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

వాలుగ_వెంకట్రావు
అంటే దొర గారి చేప వచ్చి మన చేప ఇంట్లో కూర్చుందన్నమాట. అలాంటప్పుడు పట్టి తినేయడమే దేశభక్తి.

డెన్వర్_బావ
పన్నెండేళ్ళుగా కొలరాడోలో ఫ్లై వేస్తున్నాను. రెండేళ్ళ కిందట ఇండియా వచ్చినప్పుడు తీర్థన్ కూడా వెళ్ళాను. గిరీ, కొంచెం ఓపిగ్గా చదువు.

మామూలు గాలంలో బరువు ఎరకి ఉంటుంది. విసిరితే ఎర ముందు పోతుంది, తాడు దాని వెనక పోతుంది. ఫ్లై ఫిషింగ్ దీనికి తలకిందులు. ఈక, దారం చుట్టిన ఆ చిన్న కొక్కెం బరువు గాలిలో తేలిపోయేంతే. బరువంతా తాడుకే ఉంటుంది. కాబట్టి నువ్వు విసిరేది తాడుని, ఈగ దాని వెంట వెళ్తుంది. కర్రని వెనక్కి తీసుకెళ్ళి ఆపాలి, తాడు వెనక పూర్తిగా చాచుకునే దాకా ఒక్క క్షణం ఆగాలి, అప్పుడు ముందుకి. కొత్తవాళ్ళందరూ ఆ క్షణం ఆగరు. అందుకే తాడు కొరడాలా చిటుక్కుమంటుంది, కొక్కెం తెగి పోతుంది.

తీర్థన్‌కి 4 లేదా 5 వెయిట్ రాడ్ (వెయిట్ అంటే అది మోసే తాడు బరువు నంబరు), ఎనిమిదిన్నర నుంచి 9 అడుగులు, తేలే లైను చాలు. 4ఎక్స్, 5ఎక్స్ మందం టిప్పెట్ (ఈగని కట్టే సన్నటి చివరి దారం) రెండు రీళ్ళు. ఈగల్లో నీళ్ళ పైన తేలేవి ఉంటాయి, మునిగేవి ఉంటాయి. మీరు మునిగేవే ఎక్కువ కొనండి: ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్, ప్రిన్స్ నింఫ్, 12 నుంచి 16 సైజు, తలకి పూస ఉన్నవి. ఒకటి రెండు ఊలీ బగ్గర్లు. నది అంతా బండరాళ్ళు, నురగ. చేప రాయి వెనక నీళ్ళు నెమ్మదించే జానెడు జాగాలో కూర్చుంటుంది. దూరం విసరక్కర్లేదు. నాలుగు బారలు వేయగలిగితే చాలు, దగ్గరికి నడిచి వెళ్ళడమే అసలు పని. వెనక చెట్లు ఉంటే కర్ర వెనక్కి ఊపడం కుదరదు, నీళ్ళ మీదే తాడు దొర్లించే రోల్ కాస్ట్ నేర్చుకోండి.

ఇక్కడ నుంచే పచ్చిక మీద ప్రాక్టీస్ మొదలుపెట్టు. కొక్కెం బదులు చిన్న ఉన్ని ముక్క కట్టు.

గాలం_గిరి
@డెన్వర్_బావ చెరువులో బెండు మునిగితే లాగేవాళ్ళం. ఇక్కడ ఈగ నీళ్ళ అడుగున ఉంటే చేప పట్టిందని ఎలా తెలుస్తుంది?

డెన్వర్_బావ
ఇక్కడా బెండే. ఇండికేటర్ అని ఇంగ్లీషు పేరు పెట్టి పది రెట్లు రేటుకి అమ్ముతారు. అది ఆగినా, పక్కకి జరిగినా, మునిగినా కర్ర లేపెయ్. తొంభై శాతం సార్లు రాయి తగిలి ఉంటుంది. అయినా లేపాలి.

కొర్రమీను_కింగ్
థర్మాకోల్ ముక్కతో పని నడిపించేస్తాం బావా, ఎన్ఆర్ఐ రేట్లు మాకొద్దు.

స్నోట్రౌట్_శ్రీవల్లి
థర్మాకోల్ వద్దు. తెగితే నదిలో పొడి పొడి అయిపోతుంది. ఉన్ని ముక్కకి కొంచెం గ్రీజు రాస్తే అదే తేలుతుంది.

సునీత_ట్రెక్స్
ఇప్పుడు తీరిక దొరికింది.

పైన డెన్వర్ బావ గారు రాసినదంతా బాగుంది గానీ మే నెల గురించి ఎవరూ మాట్లాడలేదు. మేలో పైన మంచు కరుగుతుంది. పగలు ఎండకి కరిగిన నీళ్ళు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున మోకాలి లోతున్న చోట సాయంత్రానికి నడుం దాకా వస్తాయి, రంగు కూడా మారుతుంది. పొద్దున దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళి, సాయంత్రం ఇవతలికి రాలేక ఇద్దరు కుర్రాళ్ళు అరుస్తుంటే ఊరివాళ్ళు తాడు వేసి లాగడం నేను చూశాను.

టెంట్ విషయం. నదిలో ఇసుక మేట ఉందంటే నీళ్ళు అక్కడి దాకా వస్తాయనే అర్థం. ఒడ్డున చెట్ల కొమ్మలకి చిక్కుకున్న ఎండుటాకులు, పుల్లలు ఎక్కడున్నాయో చూడండి. అదీ వరద గీత. దానికి పైన, ఇంకా పైన వేసుకోండి. అక్కడ చాలా చోట్ల ఒడ్డు ఎవరిదో ఒకరి ఆపిల్ తోట అయి ఉంటుంది, అడగకుండా మేకు దిగ్గొట్టకూడదు. గెస్ట్‌హౌస్ వాళ్ళ పెరట్లో టెంట్ వేసుకుంటామంటే ఒప్పుకుంటారు, బాత్రూం బాధ కూడా ఉండదు. గుషైనీ 1,600 మీటర్లు ఉంటుందేమో, మేలో కూడా రాత్రి స్వెట్టర్ కావాలి. వడగళ్ళ వాన చెప్పి రాదు.

ఈత రాని స్నేహితుడు ఉన్నాడన్నారు. అతను మోకాలి లోతు దాటకూడదు. ఈత వచ్చినా ఆ నీళ్ళలో పెద్ద ఉపయోగం లేదనుకోండి.

ఉప్మా_బ్యాక్‌ప్యాకర్
2014 గుర్తుందా ఎవరికైనా? మన హైదరాబాద్ పిల్లలు. అది ఈ నది దగ్గరే కదా?

చండీగఢ్_చిన్నోడు
ఈ నది కాదు, బియాస్. కానీ దూరం కాదు. తీర్థన్ వచ్చి లార్జీ దగ్గర సైంజ్‌తో కలిసి బియాస్‌లో పడుతుంది. అక్కడే లార్జీ డ్యామ్. దాని దిగువన, థలోట్ దగ్గర, 2014 జూన్ 8 సాయంత్రం జరిగింది. గేట్లు ఎత్తి నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. మీరు ఔట్ చేరే ముందు ఆ రోడ్డు మీదుగానే వెళ్తారు.

లిద్దర్_ప్రసాద్
ఫోటోల కోసం నది మధ్యలో రాళ్ళ మీదికి ఎక్కడం కూడా తప్పే కదా.

సునీత_ట్రెక్స్
ప్రసాద్ గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. వాళ్ళు దిగినప్పుడు నీళ్ళు తక్కువ ఉన్నాయి. నిమిషాల్లో పెరిగితే పైన డ్యామ్ ఉందని తెలియని పిల్లలు ఏం చేస్తారు? మా తమ్ముడు అప్పుడు విశాఖలో బీటెక్. టూర్‌కి వెళ్ళనేలేదు, హాస్టల్లో పడుకుని ఉన్నాడు. అయినా టీవీలో వార్త చూసి మా నాన్న రాత్రి పదకొండింటికి వాడికి ఫోన్ చేసి, గొంతు విని, ఏం మాట్లాడకుండా పెట్టేశారు. ఆ రాత్రి ఎన్ని ఇళ్ళల్లో అలా జరిగిందో.

లిద్దర్_ప్రసాద్
నిజమే మేడం. తొందరపడి రాశాను.

గాలం_గిరి
నాకిది తట్టనేలేదు. మాకు అదే మాట ఇంట్లో అన్నారు, "హిమాచల్ నదులా" అని. నేను "అది వేరే నది" అని తేల్చేశాను. అయితే తీర్థన్ మీద పైన డ్యామ్ ఉందా?

చండీగఢ్_చిన్నోడు
గుషైనీ పైన పెద్ద డ్యామ్ లేదు. తీర్థన్ మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు రాకుండా ఆ లోయవాళ్ళే పోరాడి ఆపుకున్నారు. మాజీ ఎమ్మెల్యే దిలేరామ్ శబాబ్ అందులో ముందు నిలబడ్డాడు, ఇప్పటికీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ట్రౌట్ ఇంకా అక్కడ మిగలడానికి అదొక కారణం. ఎగువన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ ఉండటం ఇంకో కారణం. ఆ పార్కుకి యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా ఆ 2014 జూన్‌లోనే.

అంటే గేట్లెత్తే భయం తీర్థన్ పైభాగంలో లేదు. మేఘం బద్దలైతే మాత్రం ఏ నదైనా ఒకటే. 2023 జూలైలో కులూ, మండీ వైపు ఏం జరిగిందో టీవీలో చూసే ఉంటారు. జూలై, ఆగస్టు నెలల్లో మాత్రం అటు తొంగి కూడా చూడొద్దు.

సునీత_ట్రెక్స్
పైన ఎక్కడో వాన పడుతుంటే మీ దగ్గర ఎండ కాయవచ్చు. నీళ్ళు ఉన్నట్టుండి మట్టిరంగుకి మారినా, పుల్లలు ఆకులు కొట్టుకొస్తున్నా, శబ్దం మారినా కర్ర అక్కడే పారేసి పైకి ఎక్కండి. రాడ్ ఎంత ఖరీదైనదైనా సరే.

కొర్రమీను_కింగ్
గిరి రాడ్ అయితే పారేయడానికి బాధ ఉండదు, ఆఫర్లో 1,800కి కొన్నాడు.

గాలం_గిరి
1,750.

స్నోట్రౌట్_శ్రీవల్లి
నెల మార్చండి. మార్చి, ఏప్రిల్ మొదట్లో నీళ్ళు ఇంకా పెరగవు. లేదంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్. వానలు వెనకబడతాయి, నీళ్ళు గాజులా ఉంటాయి. అక్టోబర్ 31 దాటితే కుదరదు. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా హిమాచల్‌లో ట్రౌట్ పట్టడం నిషేధం, అవి గుడ్లు పెట్టే కాలం. బ్రౌన్ ట్రౌట్ అక్టోబర్ చివరికే జతకట్టడానికి సిద్ధమవుతుంది, గులకరాళ్ళని తోకతో తోసి గుంట చేసుకుంటుంది. నది అడుగున చుట్టూ నాచు పట్టిన రాళ్ళ మధ్య ఒకచోట శుభ్రంగా మెరిసే గులక కనబడితే అందులో అడుగు పెట్టకండి.

డెన్వర్_బావ
అక్టోబర్‌కే నా ఓటు. నీళ్ళు తేటగా ఉంటే చేపకి మనం కూడా తేటగా కనబడతాం అనుకో. ఎర్ర టీషర్టులు ఇంట్లో వదిలేయండి. కింది నుంచి పైకి, అంటే ప్రవాహానికి ఎదురుగా నడవండి. చేప ఎప్పుడూ ప్రవాహానికి ముఖం పెట్టి ఉంటుంది కాబట్టి వెనక నుంచి వెళ్తే మిమ్మల్ని చూడదు.

లిద్దర్_ప్రసాద్
ఇప్పటికైనా అడుగుతున్నాను, లైసెన్స్ సంగతి ఎవరైనా చెప్పారా? గిరి మొదటి ప్రశ్న అదే.

చండీగఢ్_చిన్నోడు
మేం వెళ్ళినప్పుడు రోజుకి ఒక రాడ్‌కి 100 రూపాయలు తీసుకున్నారు. రాష్ట్ర ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది. బంజార్, గుషైనీ మధ్య వాళ్ళ ట్రౌట్ ఫారం కూడా ఉంది. మీరుండే గెస్ట్‌హౌస్ వాళ్ళకి ముందే చెబితే తెచ్చిపెడతారు. రేటు, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడవు దాటాలి, అవన్నీ ఆ కాగితం మీదే ఉంటాయి, మడిచి జేబులో పెట్టేయకుండా చదవండి. గార్డు వచ్చి అడుగుతాడు, మమ్మల్ని అడిగాడు. పార్కు గేటు దాటి లోపలికి రాడ్ తీసుకెళ్ళొద్దు. లోపలికి ట్రెక్‌కి వెళ్ళాలంటే సాయిరోపాలోని పార్కు ఆఫీసులో వేరే పర్మిట్ తీసుకోవాలి.

వాలుగ_వెంకట్రావు
అంతా విన్నాను. నాకు ఒక్కటే అర్థం కాలేదు. మా మనవడు కూడా ఏదో అన్నాడు, పట్టి వదిలేస్తారట కదా? లక్ష రూపాయలు ఖర్చు పెట్టి, మంచు నీళ్ళలో నిలబడి, పట్టిన చేపని ముద్దుపెట్టి వదిలేయడం ఏమిటండీ? మా నాన్న వింటే నన్ను గోదాట్లో వదిలేవాడు.

డెన్వర్_బావ
వెంకట్రావు గారూ, ఆ నీళ్ళలో చేప చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మనం అరగంటలో తినేసే బ్రౌన్‌కి నాలుగైదేళ్ళ వయసుండొచ్చు. తినాలనుంటే ఫారంలో పెంచిన రెయిన్‌బో అక్కడే అమ్ముతారు, తాజాది. నదిలోది నదికి వదిలేద్దాం.

వదలడం కూడా వచ్చి ఉండాలి. కొక్కెం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని కటింగ్ ప్లయర్‌తో నొక్కేసి తీసుకెళ్ళండి, సులువుగా ఊడొస్తుంది. చేతులు తడిపి పట్టుకోవాలి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి తర్వాత జబ్బు చేస్తుంది. నీళ్ళలోంచి ఎత్తితే మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు కావాల్సినప్పుడు దానికీ కావాలి.

ఉప్మా_బ్యాక్‌ప్యాకర్
తినని చేపకి మూతి చీల్చి, ఫోటో తీసి, "దయ" అనడం నాకైతే నచ్చదు. తినేవాడే నయం, ఆకలికి పట్టాడు. నేను వస్తే టెంట్ బయట కూర్చుని ఉప్మా కలుపుకుంటాను.

డెన్వర్_బావ
ఈ ప్రశ్న మా ఆవిడ కూడా పన్నెండేళ్ళుగా అడుగుతోంది. నా దగ్గర పూర్తి జవాబు లేదు. రోజుకి రెండు మూడు చేపలు పడగానే ఆపేస్తున్నాను, అంతే.

స్నోట్రౌట్_శ్రీవల్లి
నేనైతే మధ్యేమార్గం. స్నో ట్రౌట్ పడితే తప్పకుండా వదిలేయండి. బ్రౌన్ అయితే లైసెన్స్ ఎంత అనుమతిస్తే అంతలో ఒకటి తింటే నదికి నష్టం లేదని నా అభిప్రాయం. డెన్వర్ గారితో ఇక్కడ ఒప్పుకోను.

వాలుగ_వెంకట్రావు
అమ్మాయి నా పార్టీ. పులుసు పెట్టొచ్చా దాన్ని?

సునీత_ట్రెక్స్
మేం ఫారం చేపతో ప్రయత్నించాం. చింతపండు, కారం డబ్బా ఇంటి నుంచి తీసుకెళ్ళాం. ట్రౌట్ కండ మెత్తన, పులుసులో ఉడికేసరికి విరిగి ముద్దయింది. ఆ గెస్ట్‌హౌస్ ఆంటీ మమ్మల్ని జాలిగా చూసి, మిగిలిన రెండిటికీ ఉప్పు, పసుపు, నిమ్మకాయ పట్టించి పెనం మీద వేయించి ఇచ్చింది. అదీ రుచి. పక్కన సిద్దు అని ఆవిరి మీద ఉడికించిన రొట్టె, దాని మీద నెయ్యి. ఆవకాయ మాత్రం తీసుకెళ్ళండి, సిద్దుకి బ్రహ్మాండంగా కుదిరింది.

కొర్రమీను_కింగ్
సిద్దులో ఆవకాయ. ట్రిప్ ఇక్కడితో సక్సెస్. చేప పడకపోయినా పర్లేదు.

డెన్వర్_బావ
అది జోక్ కాదు. నేను మూడు రోజులు వేస్తే రెండు పడ్డాయి. రెండూ జానెడు మించవు. మొదటి రోజు మొత్తం సున్నా. ఒక్క పూట వేసి జలోరీ ఎక్కే ప్లాన్ అయితే మీకు చేప పడదని ఇప్పుడే రాసిస్తాను. మనాలి కొట్టేయండి. జలోరీ కూడా కొట్టేయండి. ఒకే ఊళ్ళో నాలుగు రాత్రులు. ఒక పూటంతా ఏమీ వేయకుండా రాళ్ళు తిప్పి అడుగున ఏ పురుగులున్నాయో చూడండి. ఇసుక రేణువులు అంటించుకుని గొట్టంలో ఉండే పురుగు కనబడుతుంది, అదే చేపకి ఇడ్లీ. మీ డబ్బాలో దాని పోలిక ఉన్న ఈగ ఏదో చూసుకుని కట్టండి.

లిద్దర్_ప్రసాద్
ఇందులో బావతో ఏకీభవిస్తున్నాను. ఒక్క మాట, ప్యాకింగ్ గురించి. రాడ్‌ని క్యాబిన్‌లో తీసుకెళ్తానంటే నన్ను ఒక ఎయిర్‌పోర్టులో ఆపేశారు, పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్ళి చెక్-ఇన్ చేయాల్సి వచ్చింది. కొక్కేలు కూడా లగేజీలోనే. స్టవ్ గ్యాస్ డబ్బా దేనిలోనూ ఒప్పుకోరు, అక్కడికెళ్ళి కొనుక్కోండి. నాలుగు ముక్కలుగా విడిపోయే రాడ్ అయితే సూట్‌కేసులో ఐమూలగా పడుతుంది.

గాలం_గిరి
సరే, కొత్త ప్లాన్. అడ్వాన్స్ ఇవ్వలేదు. అతను ఫోన్‌లో "సార్, అందరూ అక్కడే వేస్తారు" అన్నాడు. ఎండుటాకుల గీత ఎక్కడుంది అని అడిగితే కట్ చేశాడు.

అక్టోబర్ మొదటి వారం, దసరా సెలవులు కలిసొచ్చేలా. చండీగఢ్ ఫ్లైట్, ఔట్, గుషైనీ. నాలుగు రాత్రులు ఒకే చోట, ఒక గెస్ట్‌హౌస్ పెరట్లో టెంట్లు, వాన పడితే లోపల గది. ఈత రానివాడికి ఒడ్డున ఫోటోలు, ఆవకాయ బాధ్యత. మనాలి లేదు. మనాలి పోయిందని ఇద్దరు అలిగారు, ఒకడు ఇంకా మాట్లాడట్లేదు.

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ పార్కులో ఉన్ని ముక్క కట్టి మొదటిసారి వేశాను. వెనక ఆగాలి అని బావ చెప్పింది ఎంత నిజమో తెలిసింది, మూడుసార్లు నా టోపీకే తగిలింది. వాచ్‌మన్ పావుగంట చూసి దగ్గరికొచ్చి, "సార్, ఏం పడుతున్నారు?" అన్నాడు. ట్రౌట్ అన్నాను. గడ్డి వైపు చూశాడు, నా వైపు చూశాడు, వెళ్ళిపోయాడు. ఇవాళ పిల్లలందర్నీ వెంటబెట్టుకొచ్చాడు.

డెన్వర్_బావ
టోపీ తీయకు. కళ్ళజోడు కూడా పెట్టుకో, అక్కడ ఉన్ని ముక్క ఉండదు, కొక్కెం ఉంటుంది.

చండీగఢ్_చిన్నోడు
దసరా అంటే కులూ దసరా కూడా చూసుకో. మనకి విజయదశమితో అయిపోతుంది, వాళ్ళకి ఆ రోజు మొదలై వారం నడుస్తుంది. బస్సులు కిక్కిరిసి ఉంటాయి. టికెట్లు ముందే తీయండి.

వాలుగ_వెంకట్రావు
అక్టోబర్ అయితే నాకూ ఖాళీయే. చింతపండు నేను తెస్తాను, పులుసు సంగతి నాకు వదిలేయండి, ఆంటీకి వచ్చినట్టు మనకి రాదా. టెంట్‌లో ఒక చోటు ఉంటుందా బాబూ?

గాలం_గిరి
ఉంటుందండీ. గురక పెడతారా?

వాలుగ_వెంకట్రావు
నది శబ్దంలో తెలియదులే.